కార్‌ఫ్రే ఇంటి గొళ్ళెం

ఇన్వర్‌లా పట్టణాన్ని ముప్పై ఏళ్ళుగా తొమ్మిది కుటుంబాలు ఏలుతున్నాయి. ఏలడానికి వాళ్ళు పెద్దగా పడే శ్రమేమీ లేదు. ఏటా సెప్టెంబరు చివర మైకేల్ పండుగనాడు పాత కౌన్సిల్, ఊరి కచేరీ అయిన టోల్‌బూత్ మేడ మీద తలుపులు మూసుకుని కూర్చుని కొత్త కౌన్సిల్‌ని ఎన్నుకుంటుంది. తలుపులు తెరిచేసరికి లోపలికి వెళ్ళినవాళ్ళే బయటికి వస్తారు. మహా అయితే తండ్రి కుర్చీలో కొడుకు, బావ కుర్చీలో బావమరిది. ఆ తర్వాత అందరూ కలిసి సుష్టుగా భోంచేసి, ఊరి బాగు కోసం అలిసిపోయినట్టు మొహాలు పెట్టుకుని ఇళ్ళకు పోతారు. ప్రొవొస్టు అనే పెద్దాయన ఏడాదికి ఒకసారి తన కోట నుంచి గుర్రం మీద వచ్చి దణ్ణాలు పుచ్చుకుని వెళ్ళిపోతాడు. అసలు పెత్తనమంతా ఇద్దరు బెయిలీలది. తగువులు తీర్చేదీ, శిక్షలు వేసేదీ, ఇళ్ళ హక్కులు చేతికిచ్చేదీ వాళ్ళే. వాళ్ళలో ఒకడు వాల్టర్ హెరియట్. రెండోవాడు హెరియట్ బావమరిది, కాళ్ళవాపు మనిషి, మంచం దిగడు. కాబట్టి బెయిలీ అంటే హెరియటే.

బెథియా కార్‌ఫ్రేకి ఆ మనిషంటే అసహ్యం. అతని పేరు వింటేనే ఆమెకు నోరు చేదెక్కేది. కారణం లేకపోలేదు.

ఆమె తండ్రి నినియన్ తోలు చేతితొడుగులు కుట్టేవాడు. ఊరి హక్కుదారుల్లో ఒకడు, అంటే ఊళ్ళో దుకాణం పెట్టుకోవడానికీ, ఉమ్మడి బీడులో ఆవుని మేపుకోవడానికీ అధికారం ఉన్నవాడు. నాలుగేళ్ళ కిందట కౌన్సిల్ వాళ్ళు ఆ ఉమ్మడి బీడుని ముక్కలు కోసి తమలో తామే పంచుకున్నారు. ఊరంతా గొణిగి ఊరుకుంది. నినియన్ ఒక్కడే టోల్‌బూత్ మెట్లెక్కి, ఇది పట్టపగటి దొంగతనమని మొహం మీద అన్నాడు. పదిరోజులు తిరక్కుండా అతన్ని బజారు నడుమ చాటింపులు వేసే రాతి శిలువ దగ్గరికి పిలిపించారు. డోలు కొట్టించారు. అతని హక్కు పత్రాన్ని జనం ముందు హెరియట్ స్వయంగా చింపాడు. చింపడం చట్టంలో ఉంది. చింపిన ముక్కల్ని బూటుతో తొక్కడం ఏ చట్టంలోనూ లేదు, అయినా తొక్కాడు. ఆ తర్వాత నినియన్ మూడేళ్ళు కుమిలి కుమిలి, పోయినేడు మార్చి పదకొండున కన్నుమూశాడు. బెథియా ఒక్కతే సంతానం. తల్లి ఆమె చిన్నప్పుడే పోయింది. ముప్పై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆ పేరులో అబద్ధమేమీ లేదు.

తండ్రి ఆమెకు మిగిల్చింది ఆ ఇల్లొక్కటే. పెద్దవీధి మీద రాతి గోడల ఇల్లు, దాని వెనక వాగుదాకా పోయే సన్నటి పొడుగాటి పెరడు. ఆ ఊళ్ళో ఇల్లు వారసులకు ఊరికే దఖలు పడదు. గొళ్ళెం పట్టాలి. పగటిపూట బెయిలీ, క్లర్కు, ఇరుగుపొరుగు ఆ ఇంటి గుమ్మం ముందుకు రావాలి. చచ్చిపోయినవాడికి దగ్గరి వారసులెవరో ఇరుగుపొరుగు ప్రమాణం చేసి చెప్పాలి. అప్పుడు బెయిలీ వారసుడి చెయ్యి పట్టుకుని తలుపు గొళ్ళేన్నీ కొండినీ చేతికందిస్తాడు. వారసుడు లోపలికి వెళ్ళి గడియ వేసుకుంటాడు. అంతటితో ఇల్లు అతనిది. ఇదంతా ఏడాదీ ఒక రోజులోగా జరిగిపోవాలి. జరక్కపోతే ఇల్లు కౌన్సిల్ చేతికి పోతుంది. కౌన్సిల్ దాన్ని తనకు తగినవాడని తోచినవాడికి ఇస్తుంది.

తగినవాడు అప్పుడే తయారుగా ఉన్నాడు. నినియన్ తమ్ముడి కొడుకు ప్యాట్రిక్ రెండేళ్ళ కిందటే హెరియట్ కూతుర్ని చేసుకున్నాడు. హెరియట్‌ది బీరు కాచే వ్యాపారం. దానికి నీళ్ళు కావాలి, కార్‌ఫ్రే పెరట్లోంచే వాగుకి దారి. ఇందులో ఎవరికీ తెలియని రహస్యం ఏమీ లేదు.

బెథియా ఏడాదంతా హెరియట్ గుమ్మానికి కాళ్ళరిగేలా తిరిగింది. మొదటిసారి ఆయనకు జలుబు చేసింది. రెండోసారి క్లర్కు ఊళ్ళో లేడు. మూడోసారి ఇరుగుపొరుగుని పోగుచెయ్యడానికి వీలుపడలేదు. నాలుగోసారి అర్జీ రాసి ఇమ్మన్నారు, ఇచ్చింది, అది కనిపించకుండా పోయింది. అయిదోసారి వెళితే హెరియట్ కిటికీలోంచే చూసి, భోంచేస్తున్నానని నౌకరు చేత చెప్పించాడు. అప్పటికి మార్చి ఏడో తేదీ వచ్చింది. పన్నెండున పొద్దు గుంకితే ఆమె తండ్రి ఇల్లు ఆమెది కాకుండా పోతుంది.

ఆ సాయంత్రమే ప్యాట్రిక్ వచ్చాడు. వెనకవైపు చిన్న గది ఆమె బతికున్నన్నాళ్ళూ ఆమెకే ఉంచుతానన్నాడు. మామగారు ఒప్పుకున్నారన్నాడు. చలికాలంలో కట్టెలు కూడా ఇస్తానన్నాడు.

“నా ఇంట్లో నాకు గదిస్తానని చెప్పడానికొచ్చావా?” అంది బెథియా.

“అదికాదక్కా, నీ మంచికే చెబుతున్నా. బెయిలీ గారితో పంతానికి పోయి పెదనాన్న ఏం బావుకున్నాడు చెప్పు?”

బెథియా చేతిలో తోలు గీరే కత్తి ఉంది. ఆమె దాన్ని కిందికి దించలేదు, పైకీ ఎత్తలేదు. ప్యాట్రిక్ టోపీ కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు. ఆమె ఆ టోపీని వీధిలోకి విసిరేసింది. అది వీధి మధ్య మురుగులో పడింది, ప్యాట్రిక్ వెనక్కి వచ్చి ఏరుకున్నాడు.

మురుగులోంచి టోపీ తీసి దులుపుకుంటున్న తమ్ముణ్ణి చూస్తుంటే ఆమెకు హెరియట్ పెంట శాసనం గుర్తుకొచ్చింది. హెరియట్‌కి లోకంలో డబ్బు తర్వాత అంత ప్రీతి అయినది అదొక్కటే. పెద్దవీధిలో ఎవరి ఇంటి ముందైనా పెంటకుప్ప కనిపిస్తే ఒక రోజు గడువు. ఆలోగా ఎత్తకపోతే ఆ ఇంటి యజమాని మెడకు టోల్‌బూత్ గోడకున్న ఇనుప కంటె తగిలించి, గంట మూడుసార్లు కొట్టేదాకా నిలబెడతారు. నేరం రాసిన కాగితం గుండెల మీద కడతారు. యజమాని ఎవరో ఇద్దరు పొరుగువాళ్ళు ప్రమాణం చేసి చెప్పాలి. యజమాని లేని ఇంటి పెంటయితే కౌన్సిలే ఎత్తించాలి. ఇదంతా హెరియట్ కూర్చుని రాసిందే. ఆ శిక్ష చదవడానికి నౌకర్ని పంపడు. క్లర్కునీ, బంట్రోతునీ, డోలు వాయించేవాణ్ణీ వెంటబెట్టుకుని తనే వస్తాడు. గుమ్మం ముందు నిలబడి గొంతు సవరించుకుని చదువుతాడు. నాలుగేళ్ళలో అలా పదకొండు గుమ్మాల ముందు అతను ముచ్చట తీర్చుకోవడం బెథియా కళ్ళారా చూసింది. జలుబు చేసినా వచ్చాడు, వానలోనూ వచ్చాడు.

న్యాయం కోసం రానివాడు పెంట కోసం పరుగెత్తుకొస్తాడు. ఆమెకు కావలసింది బెయిలీ, క్లర్కు, ఇరుగుపొరుగు పట్టపగలు తన గుమ్మం ముందు ఒక్కచోట నిలబడటం. నలుగురి ముందూ నిలదీస్తే సిగ్గుపడైనా గొళ్ళెం చేతికిస్తాడేమోనని ఆశపడింది. సిగ్గుపడే మనిషి కాడని ఆమె మనసే ఆమెకు చెప్పింది. అయినా ఇంకో దారి లేదు.

పదో తేదీ తెల్లవారగానే పెరట్లో ఏళ్ళుగా పేరుకున్న కుప్పని తవ్వడం మొదలుపెట్టింది. అది మామూలు పేడ కాదు. తోళ్ళ మీంచి గీకిన కొవ్వు, వెంట్రుకలు, కుళ్ళిన సున్నం. మధ్యాహ్నానికి ఇంటి ముందు నడుమెత్తు గుట్ట లేచింది. పక్కింట్లో కొవ్వొత్తులు చేసే ఎల్‌స్పెత్ గుత్రీ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చి తిట్టిపోసింది. కొవ్వు వాసనలో పుట్టి పెరిగిన మనిషికే కడుపులో తిప్పిందంటే అదెలాంటి కంపో అర్థం చేసుకోవచ్చు. ఎదురింటి పీపాలు చేసే ముసలి డెంప్‌స్టర్, మీ నాన్న ఉంటే ఇలా చేసేవాడా అని అడిగాడు. బెథియా ఇంకో పార ఎత్తి పోసింది. ఇరుగుపొరుగంతా ఆమెకు పగవాళ్ళయిపోయారు. తీరా ప్రమాణం చెయ్యాల్సింది కూడా వాళ్ళే.

సాయంత్రం డోలు మోగింది, గడువు చాటారు. పదకొండో తేదీ గడిచింది. కుప్ప కదల్లేదు.

పన్నెండో తేదీ సంతరోజు. పది గంటలవేళ హెరియట్ రానే వచ్చాడు. నల్లకోటు, వెండి పిడి కర్ర, ముక్కు దగ్గర వాసన చూసుకునే మూలికల పొట్లం. వెనక క్లర్కు వాన్స్ పుస్తకం, సిరాబుడ్డి పట్టుకుని వచ్చాడు. ఆ వెనక బంట్రోతు, డోలువాడు. వాళ్ళ వెనక సంతంతా. ప్యాట్రిక్ కూడా వచ్చి మామగారి పక్కన నిలబడ్డాడు. అతని మొహంలో అప్పుడే ఇంటాయన కళ వచ్చేసింది.

హెరియట్ శాసనం చదవబోయాడు. బెథియా గుమ్మం దిగి ఎదురుగా వచ్చింది. బెయిలీ గారు, క్లర్కు గారు, పొరుగువాళ్ళు అందరూ ఉన్నారు కనక తన తండ్రి ఇంటి గొళ్ళెం ఇప్పుడే తన చేతికిమ్మని, అందరికీ వినబడేలా అడిగింది. ఈ రోజు ఆఖరి రోజని కూడా చెప్పింది.

“నేనొచ్చింది పెంట సంగతికి. నీ గొళ్ళెం సంగతి కౌన్సిల్ తీరిక చూసుకుని ఆలోచిస్తుంది,” అన్నాడు హెరియట్. ప్యాట్రిక్ నవ్వు దాచుకోవడానికి తల వంచుకున్నాడు.

బెథియాకి ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

“అట్లాగా. మరైతే ఈ పెంటెవరిది బెయిలీ గారూ? ఏడాదినుంచీ ఈ ఇంటికి వారసులెవరో తేలలేదని మీరేగా అంటున్నారు. యజమాని లేని ఇంటి పెంట కౌన్సిలే ఎత్తాలని రాసిందీ మీరేగా. ఇదుగో పార. పట్టండి.”

నిజంగానే పార తెచ్చి అతని బూట్ల ముందు ఆనించింది. ముందు సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళలో ఆ వీధి హెరియట్‌ని చూసి బాహాటంగా నవ్వడం అదే మొదలు. బీడు పోగొట్టుకున్నవాళ్ళు, కంటె తగిలించుకున్న పదకొండుమందీ ఆ గుంపులోనే ఉన్నారు. వాళ్ళు కాస్త ఎక్కువసేపు నవ్వారు.

హెరియట్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. క్లర్కు వాన్స్ ఏదో చెప్పబోతే కర్రతో పక్కకి నెట్టాడు. గుంపు వైపు తిరిగి, ఇద్దరు పొరుగువాళ్ళు ముందుకొచ్చి ప్రమాణం చేసి చెప్పాలన్నాడు. ఎల్‌స్పెత్ గుత్రీ ఎగిరి ముందుకొచ్చింది. రెండ్రోజులుగా అన్నం సయించక ఆవిడ అసలే కసి మీద ఉంది. ఆవిడ వెనకే డెంప్‌స్టర్ వచ్చాడు.

“ఈ ఇల్లెవరిది? చెప్పండి,” అన్నాడు హెరియట్.

“నినియన్‌ది. ఆయన పోయాక ఇదుగో ఈ మహాతల్లిది. ఆయనకి ఇంకెవరున్నారు గనక,” అంది ఎల్‌స్పెత్.

ముసలి డెంప్‌స్టర్ కూడా చెయ్యెత్తాడు. నినియన్‌కి ఒక్కతే కూతురనీ, అది పుట్టిననాటినుంచీ తను ఎరిగిన పిల్లేననీ ప్రమాణం చేశాడు.

“విన్నావుటే?” హెరియట్ బెథియా మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. గుమ్మందాకా ఈడ్చుకుపోయాడు. ఆమె చేతిని తలుపు గొళ్ళెం మీద పెట్టి, తన చేత్తో అదిమి, కొండికి కొట్టాడు. “ఇదుగో నీ గొళ్ళెం. ఇదుగో నీ కొండి. నీ ఇల్లు, నీ పెంట. పో లోపలికి. నిన్ను కంటె దగ్గరికి తీసుకుపోయేదాకా గడియ వేసుకుని పడుండు.”

భుజం మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు. బెథియా పడబోయి నిలదొక్కుకుంది. ఒక్క క్షణం ఆమెకే ఏం జరిగిందో అందలేదు. అందగానే తలుపు మూసి గడియ వేసింది. ఇనుము ఇనుముని కొట్టిన చప్పుడు వీధిలోకి స్పష్టంగా వినబడింది.

ముసలి డెంప్‌స్టర్ తలమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గొళ్ళెం పట్టించినప్పుడు లోపల గడియ పడగానే బయటివాళ్ళు టోపీలు తియ్యడం ఆ ఊరి అలవాటు. ఇంకో ఇద్దరు తీశారు. చూస్తుండగానే సగం సంత టోపీలు తీసి నిలబడింది. ప్యాట్రిక్ మొహం మాడిపోయింది.

“క్లర్కు గారూ,” తలుపు వెనక నుంచి బెథియా గొంతు వచ్చింది. “చూసింది చూసినట్టు రాయండి.”

వాన్స్ పుస్తకం తెరవలేదు. బెయిలీ గారు చేసింది పెంట విచారణేగానీ గొళ్ళెం పట్టించడం కాదనీ, ఆ ఉద్దేశం లేదు కనక అది చెల్లదనీ సణిగాడు. హెరియట్‌కి అప్పటికిగానీ తన చేతులు ఏం చేశాయో తెలియలేదు. తెలిసిన మరుక్షణం, అవును, నేనేమీ ఇవ్వలేదు, ఆమె యజమానీ కాదు గిజమానీ కాదు అన్నాడు.

తలుపు తెరుచుకుంది. బెథియా గడపలో నిలబడింది.

“కాకపోతే కంటె నా మెడకెట్లా వేస్తారు? మీ శాసనమే యజమానికి వెయ్యమంది. వేస్తే ఇల్లు నాది. వెయ్యకపోతే పార మీది. రెంట్లో ఏదో ఒకటి తేల్చండి. సంత చూస్తోంది.”

ప్యాట్రిక్ మామగారి చెయ్యి పట్టుకున్నాడు. వదిలెయ్యమన్నాడు. బంట్రోతు చేత కుప్ప ఎత్తించేస్తే సరిపోతుందనీ, పొద్దు గుంకేదాకా ఓపిక పడితే చాలనీ చెవిలో బతిమాలాడు. వాన్స్ ఇంకా గట్టిగా చెప్పాడు. కంటె వేస్తే కాగితం కట్టాలి, కాగితం మీద యజమాని అని రాయాలి, ఊరి ముద్ర వెయ్యాలి, ఆ కాగితం రాజధాని ఎడిన్‌బరోలో న్యాయాధికారుల ముందు పెడితే తిరుగుండదు అన్నాడు. తెలివైన సలహా. హెరియట్ కూడా తెలివితక్కువవాడు కాదు. వాగు నీళ్ళు అతనికి ఎంత అవసరమో అతనికి తెలుసు.

కానీ ఎదురుగా పార ఉంది. చేపలమ్మే ఆడవాళ్ళు ఇంకా పళ్ళికిలిస్తూనే ఉన్నారు. ఆ గుంపులోంచి, బెయిలీ గారూ ముందు చేతితొడుగులు కొనుక్కోండి అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు. తన బంట్రోతు తన కళ్ళముందు ఆ పెంట ఎత్తుతుంటే, నినియన్ కూతురు గడపలో చేతులు కట్టుకుని చూస్తూ నిలబడటం హెరియట్ ఊహించుకున్నాడు.

“కంటె తగిలించండి. రాయి, వాన్స్,” అన్నాడు.

వాన్స్ రెండుసార్లు ఆలోచించుకోమన్నాడు. హెరియట్ కర్ర ఎత్తాడు. వాన్స్ అక్కడే ఒక పీపా మీద కాగితం పరిచి రాశాడు. పెద్దవీధిలోని కార్‌ఫ్రే ఇంటి వారసురాలు, యజమాని అయిన బెథియా కార్‌ఫ్రే, వీధిలో పెంట వేసినందుకు. కింద తేదీ వేసి, టోల్‌బూత్‌కి వెళ్ళాక ముద్ర కూడా కొట్టాడు.

వాళ్ళు ఆమెను టోల్‌బూత్ గోడకి నిలబెట్టి, గోడ గొలుసుకున్న కంటె మెడకి బిగించారు. అది చల్లగా, తుప్పు గరుకుగా ఉంది. బంట్రోతు కాగితాన్ని తాడుతో గుండెల మీద కట్టాడు. మొదటి గంట కొట్టారు.

మెడకి కంటె పడినవాళ్ళని ఊరు కొట్టొచ్చు, రాళ్ళతో తప్ప దేనితోనైనా. ఆ రోజు కొట్టడానికి బెయిలీ మనుషులే ముందుకు వస్తారని బెథియా అనుకుంది. అందరికంటే ముందు ఎల్‌స్పెత్ గుత్రీ వచ్చింది. రెండు రోజుల కంపుకి బదులు అంటూ తను చేత్తో తెచ్చుకున్న కుళ్ళు కొవ్వు విసిరింది. గంట కిందట బెథియా తరఫున ప్రమాణం చేసిన చెయ్యే అది. తర్వాత చేప తలలు వచ్చాయి, బురద వచ్చింది. నవ్వినవాళ్ళే విసిరారు. బెథియాకి వాళ్ళ మీద కోపం రాలేదని చెప్పలేం. వచ్చింది. ఒక్కొక్క మొహాన్నీ గుర్తుపెట్టుకుంది.

రెండో గంట కొట్టాక ప్యాట్రిక్ వచ్చాడు. అతని చేతిలో నీళ్ళు నింపిన తోలుబకెట్ ఉంది. మొహం కడుగుతానన్నట్టు దగ్గరికి వచ్చాడు. అతని కళ్ళు ఆమె మొహం వైపు చూడటం లేదు. కాగితం మీదున్న సిరా రాత వైపు చూస్తున్నాయి. నీళ్ళు పోసి ఆ రాత చెరిపెయ్యాలని వచ్చాడని బెథియాకి అర్థమైంది. కాగితాన్ని తాడు నుంచి లాగి మడిచి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, గొలుసు తిరిగినంతమేరా గోడ వైపు తిరిగింది. కంటె గొంతులో దిగబడింది. ఊపిరి సగమే ఆడుతోంది. బకెట్ నీళ్ళు వీపు మీద పడ్డాయి. ఆ వెనకే బురద, ఆ వెనకే కసికొద్దీ ప్యాట్రిక్ విసిరిన ఖాళీ బకెట్.

మూడో గంట కొట్టేదాకా ఆమె అలాగే నిలబడింది. చెంపల మీంచి కొవ్వు, చేప నెత్తురు కారి కళ్ళలోకి పోతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. చేతులు ఖాళీగా లేవు.